ఆర్వీ నడపడానికి ట్రైనింగ్ కూడానా? 650 డాలర్లు పెట్టి వెళ్లొచ్చాం, చెబుతా

ముందు ఒక ప్రశ్న. టెక్సస్‌లో మామూలు కారు లైసెన్సుతో ఎంత పెద్ద ఆర్వీ, అంటే మంచం, వంటిల్లు లోపలే ఉండే మోటర్‌హోమ్, నడపొచ్చో తెలుసా? 26,000 పౌండ్ల దాకా. మన లెక్కలో పన్నెండు టన్నులకి కాస్త తక్కువ. పదేళ్ల కింద క్యామ్రీ కోసం తీసుకున్న లైసెన్సు జేబులో పెట్టుకుని, మన ఎక్స్‌ప్రెస్ బస్సుకి కొంచెం అటూ ఇటూగా ఉండే 34 అడుగుల బండెక్కి, పెళ్లాం పిల్లలతో హైవే మీదికి వెళ్లిపోవచ్చు, ఎవరూ ఏమీ అడగరు. 26,000 దాటితే వేరే క్లాసు లైసెన్సు కావాలి, అది కమర్షియల్ కాకపోయినా పరీక్ష ఉంటుంది. మాది 22,000 పౌండ్ల బండి కాబట్టి మాకు ఏ పరీక్షా లేదు. నేను భయపడింది అక్కడే.

భయానికి కారణం కూడా ఉంది. కిందటేడు థాంక్స్‌గివింగ్‌కి బిగ్ బెండ్ నేషనల్ పార్కు వెళ్దామని 31 అడుగుల క్లాస్ సి అద్దెకు తీసుకున్నాం, క్యాబ్ మీద మంచం బయటికి పొడుచుకొచ్చి ఉంటుందే, ఆ రకం. అద్దెకిచ్చినవాళ్లు ఒక పావుగంట వీడియో చూపించి తాళాలు చేతిలో పెట్టారు. వెళ్లేటప్పుడు బాగానే వెళ్లాం (చీసోస్ బేసిన్‌లోకి వెళ్లే రోడ్డు 24 అడుగులు దాటిన ఆర్వీలకి మంచిది కాదని పార్కువాళ్లే చెబుతారు కాబట్టి అక్కడికి పోలేదు, ఆ మాత్రం చదివాను). వచ్చేటప్పుడు పెట్రోలు కొట్టించుకుని, పంపు ఎడమవైపు ఉంది, నేను కుడికి కోసి బయటికి వెళ్దామని స్టీరింగ్ తిప్పాను. ముందు అంతా ఖాళీ. అద్దంలో చూడలేదు. వెనక నుంచి ఒక చప్పుడు, డబ్బా మీద కాలేసి తొక్కినట్టు. పంపు పక్కన పసుపు రంగు ఇనప స్తంభం ఉంటుంది కదా, బండి వెనక మూల దానికి తగిలి రేకు చిరిగిపోయింది. డిపాజిట్ 1,500 డాలర్లు గోవింద. నాకు చాలా రోజులు అర్థం కానిదేంటంటే, నేను కుడికి తిప్పితే బండి ఎడమవైపుది ఎలా తగిలింది అని.

అయినా బుద్ధి రాలేదు, ఈ ఫిబ్రవరిలో సొంతంగా ఒక పాత క్లాస్ ఎ కొన్నాం, ముందు భాగం బస్సులా చదునుగా ఉండే రకం. 2016 మోడల్, ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్, వి10 పెట్రోల్ ఇంజను. కొన్నచోట ముప్పావుగంట తిప్పి చూపించారు, అందులో అరగంట టీవీ, ఫ్రిజ్, స్లైడ్ (గోడ పక్కకి జరిగి గది వెడల్పయ్యే ఏర్పాటు) బయటికి తీయడం, మిగతా పావుగంట మురుగునీటి టాంకులు ఖాళీ చేయడం. నడపడం గురించి చెప్పింది ఒక్క ముక్క: "కారులాగే, కాస్త పెద్దది."

మా ఆవిడ ఖచ్చితంగా చెప్పేసింది, ట్రైనింగ్ తీసుకుంటే తప్ప పిల్లల్ని ఎక్కించనని. వెతికితే డాలస్‌కి ఉత్తరాన, మన బండి మీదే మనకి నేర్పే పెద్దాయన ఒకరు దొరికారు. శనాదివారాలు రెండు రోజులు, ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 3 దాకా, ఇద్దరికి కలిపి 650. పేరు ఇక్కడ రాయను, కింద కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి. ఎవరి దగ్గరికి వెళ్లాలన్నదాని కంటే అక్కడ ఏం అడగాలన్నదే మీకు పనికొస్తుంది.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. భద్రాచలం డిపోలో ఇరవై తొమ్మిదేళ్లు ఆర్టీసీ డ్రైవరు. ఏప్రిల్‌లో మా దగ్గరికి వచ్చారు. 650 డాలర్లంటే ఎంతరా అన్నారు. యాభై వేల పైనే నాన్నా అన్నాను. "యాభై వేలా! ఖాళీ గ్రౌండు చూపించు, నేను నేర్పుతా ఊరికే" అన్నారు. తీరా శనివారం పొద్దున్నే అందరికంటే ముందు తయారై, ఇస్త్రీ చొక్కా వేసుకుని బండి మెట్టు దగ్గర నిలబడ్డారు. వెనక సోఫాలో కూర్చుని బెల్టు పెట్టుకుని రెండు రోజులూ చూశారు. పెద్దాయన ముప్పై ఏళ్లు పద్దెనిమిది చక్రాల లారీ నడిపినవాడు, మా నాన్నకి ఇంగ్లీషు రాదు, ఆయనకి తెలుగు రాదు, కానీ పది గంటలకల్లా ఇద్దరూ బండి కిందికి వంగి ఏదో చూపించుకుంటున్నారు.

మొదటి రోజు పొద్దున ఇంజను స్టార్ట్ చేయకముందే గంటన్నర అయిపోయింది. ముందు సీటు, తర్వాత అద్దాలు. ఈ బండికి ఒక్కో వైపు రెండేసి అద్దాలు, పైది మామూలుది, కిందది ఉబ్బుగా ఉండేది. పైదాంట్లో బండి పక్క కొంచెం, మిగతాదంతా రోడ్డు కనబడాలి, కిందదాంట్లో వెనక చక్రం నేలకి ఆనేచోటు కనబడాలి. నేను మూడు నెలలుగా కింద అద్దంలో మేఘాలు చూస్తున్నానని అప్పుడు తెలిసింది. లేన్ వెడల్పు హైవే మీద 12 అడుగులు, బండి ఎనిమిదిన్నర, అంటే చెరో వైపు అడుగు ముప్పావు. రెండు అద్దాల్లోనూ గీత, టైరు మధ్య సందు ఒకేలా కనబడితే మధ్యలో ఉన్నట్టు. ఈ ఒక్క ముక్క మూడు నెలల క్రితం ఎవరైనా చెప్పి ఉంటే నా మెడ నొప్పి తగ్గేది, నేను ముందు అద్దంలోంచి గీత కోసం కోడిలా మెడ చాపి చూసేవాణ్ణి.

ఇక అసలు సంగతి. బండిని పార్కింగ్ గీత మీద తిన్నగా ఆపించాడు. నన్ను దింపి, వెనక చక్రం మధ్య నుంచి బంపర్ దాకా టేపుతో కొలవమన్నాడు. పదకొండున్నర అడుగులు. అంటే బండిలో మూడో వంతు వెనక చక్రం అవతల గాల్లో వేలాడుతోంది. ఎడమవైపు వెనక మూల కింద సుద్దముక్కతో నేల మీద గీత గీసి, అక్కడ నుంచి ఎడమకి అడుగుకొకటి చొప్పున మూడు కోన్లు పెట్టాడు. మా ఆవిణ్ణి స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, పూర్తిగా కుడికి తిప్పి నడక వేగంతో ముందుకు పోనివ్వమన్నాడు. నన్ను మాత్రం దూరంగా నిలబడి వెనక మూలనే చూడమన్నాడు. బండి ముందు భాగం కుడికి వెళ్తోంది, వెనక భాగం ఎడమకి వస్తోంది. నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా మొదటి కోను పడింది, రెండోది పడింది, మూడోది పడలేదు గానీ వంగి ఊగింది. దాదాపు మూడడుగులు. వెనక చక్రం ఇరుసు త్రాసు ముల్లులాంటిది, దాని ముందున్నది ఇటు వెళ్తే వెనకున్నది అటు వస్తుంది, వెనక ఎంత పొడుగుంటే అంత ఎక్కువ వస్తుంది. పెట్రోలు బంకులో నా 1,500 డాలర్లు ఎక్కడికి పోయాయో అక్కడ సుద్దగీత పక్కన కనబడింది.

సోఫాలోంచి దిగొచ్చిన మా నాన్న కోను తీసి నిలబెడుతూ "బస్టాండులో ప్లాట్‌ఫాం మీంచి తీసేటప్పుడు కొత్త డ్రైవర్లు పక్క బస్సు అద్దం పగలగొట్టేది ఇట్లాగే. తిన్నగా ఒక బస్సు పొడుగు పోనిచ్చి అప్పుడు తిప్పాలిరా" అన్నారు. నేను అనువదించి చెబితే పెద్దాయన ఆయన చేయి పట్టుకుని ఊపాడు, సరిగ్గా అదే తర్వాతి పాఠం అట. పంపు దగ్గర నుంచి బయల్దేరితే వెనక చక్రాలు ఆ పసుపు స్తంభం దాటేదాకా స్టీరింగ్ ముట్టుకోకూడదు.

మధ్యాహ్నం భోజనం వాళ్లు పెట్టరు. అమ్మ చేసిన పులిహోర, పెరుగన్నం బండి ఫ్రిజ్‌లోనే ఉన్నాయి, ఈ సౌకర్యం ఇంకే డ్రైవింగ్ స్కూల్లోనూ ఉండదు. పెద్దాయన పులిహోర రెండుసార్లు పెట్టించుకున్నాడు.

తర్వాత కుడి మలుపులు. క్లాస్ ఎ బండిలో డ్రైవరు ముందు చక్రాల కంటే ముందు కూర్చుంటాడు, కాబట్టి కారులో తిప్పే చోట తిప్పితే వెనక చక్రం ఫుట్‌పాత్ ఎక్కుతుంది. మన సీటు మలుపు మూల దాటి, రోడ్డు మధ్యలోకి వచ్చేశామేమో అని గుండె ఝల్లుమన్నాక తిప్పాలి. టెక్సస్‌లో ఫ్లైఓవర్ కిందుగా సర్వీస్ రోడ్డు మీంచి యూ-టర్న్ తీసుకునే లేన్లు ఉంటాయి కదా, వాటిలో ఆరుసార్లు తిప్పించాడు. నాలుగోసారి ఫుట్‌పాత్ ఎక్కించాను. ఏమీ అనలేదు, చేతిలో పుస్తకంలో ఒక గీత పెట్టుకున్నాడు. రెండు రోజుల్లో నాకు ఏడు గీతలు, మా ఆవిడకి రెండు. ఇది మా ఇంట్లో ఇంకా నడుస్తోంది.

రివర్స్ పాఠం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే భార్యాభర్తలు ఇద్దరూ వెళ్లి తీరాలి అనేది దీనికోసమే. క్యాంప్‌గ్రౌండ్‌లో సాయంత్రం ఆరు గంటలకి చూడండి, ఒకాయన లోపల స్టీరింగ్ తిప్పుతూ ఉంటాడు, ఒకావిడ వెనక నిలబడి చేతులు ఊపుతూ ఉంటుంది, ఇద్దరి మొహాలూ ఎర్రగా ఉంటాయి. మేమూ అంతే. ఇక్కడ పెట్టిన నియమాలు రెండే. అద్దంలో వెనకున్న మనిషి కనబడకపోతే ఆ క్షణమే బ్రేకు. అనుమానం వస్తే దిగి చూడాలి, ఎన్నిసార్లైనా దిగాలి, సిగ్గుపడకూడదు. చేతి సైగలు నేర్పాడు గానీ మా ఆవిడ కుడి చెయ్యి నా కుడా తన కుడా అనే గొడవ తేలలేదు. అప్పుడు నాన్న కలగజేసుకున్నారు. "అమ్మా, చేతులతో ఎందుకు, ఈల వెయ్యి. ఊదుతున్నంతసేపు రానివ్వు, ఆపితే వాడు ఆపాలి." కండక్టరు ఈల! ఊదుతున్నంతసేపు రావడం, ఆగిపోతే ఆగడం అన్నదాంట్లో ఒక తెలివి ఉంది, వెనకున్న మనిషి కాలుజారి పడినా, ఊపిరి ఆడకపోయినా బండి ఆగిపోతుంది. పెద్దాయనకి ఇది తెగ నచ్చింది. ఆదివారం ఒక ప్లాస్టిక్ ఈల కొనుక్కొచ్చి మా ఆవిడ చేతిలో పెట్టాడు.

రెండో రోజు హైవే అనుకున్నాం. బయల్దేరే ముందు ఆయన టైర్ల దగ్గర వంగి, గోడ మీద అక్షరాల చివర నాలుగంకెలు చదవమన్నాడు. 3715. అంటే 2015లో 37వ వారంలో తయారైన టైరు. గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి, నేను కొనేటప్పుడు అదే చూసి సంబరపడ్డాను. ఆర్వీ టైర్లు అరిగి పోవు, నిలబడి ఎండకి ఎండి పోతాయి, ఐదు నుంచి ఏడేళ్లలో మార్చేయాలి అన్నాడు. అందుకని ఆ రోజు 55 మైళ్ల వేగం దాటనివ్వలేదు, హైవే మీద రెండు ఎగ్జిట్లు మాత్రమే తిప్పి సర్వీస్ రోడ్డు మీదికి దించేశాడు. అప్పుడు కోపం వచ్చింది, డబ్బులిచ్చింది హైవే కోసం కదా అని. తర్వాత ఆరు టైర్లూ మార్పిస్తే మూడు వేల డాలర్లకి వంద తక్కువైంది. ముందు టైరు పేలితే ఏం చేయాలో చెప్పాడు: బ్రేకు జోలికి పోవద్దు, యాక్సిలరేటర్ నొక్కి బండిని తిన్నగా పట్టుకో, నిలదొక్కుకున్నాక వేగం దానంతటది తగ్గనివ్వు. విన్నాం, తలూపాం. కాలు నిజంగా అలా చేస్తుందా అంటే నాకు నమ్మకం లేదు, మాటతో వచ్చేది కాదది.

లారీలు ఆగే బంకులో తూకం కూడా వేయించాడు. నీళ్ల టాంకు నిండుగా, మాతోపాటు మా అమ్మ సర్దిన సామానుతో కలిపి 21,300 పౌండ్లు. పరిమితి 22,000. గాలన్ నీళ్లు 8.3 పౌండ్లు, మా టాంకు 75 గాలన్లు, అంటే 600 పౌండ్ల పైన నీళ్లే మోస్తున్నాం. క్యాంప్‌గ్రౌండ్‌లో కుళాయి ఉన్నప్పుడు ఎందుకు మోస్తున్నావు అన్నాడు. బియ్యం మూట, వెట్ గ్రైండర్ సంగతి నేను చెప్పలేదు.

ఎత్తు: ఏసీలతో కలిపి మా బండి 12 అడుగుల 8 అంగుళాలు. టేపు మీద రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించమన్నాడు. నార్త్ కరొలైనా డర్హమ్‌లో ఒక రైలు వంతెన ఉంది, ట్రక్కుల పైకప్పులు డబ్బా మూతల్లా ఊడిపోయే వీడియోలు మీరూ చూసే ఉంటారు. 11 అడుగుల 8 అంగుళాలు ఉండేది, 2019లో లేపి 12 అడుగుల 4 అంగుళాలు చేశారు. లేపాక కూడా మా బండి పట్టదు. ఫోనులో మామూలు మ్యాపుకి ఈ సంగతులేవీ తెలియవు, మన ఎత్తు, పొడవు ఇస్తే దాన్నిబట్టి దారి చూపించేవి వేరే ఉంటాయి, అవి వాడాలి.

ఇప్పుడు ఫిర్యాదులు. ఒకటి, ఇక్కడంతా చదునైన నేల, ఒక్క కొండ లేదు. దిగుడు గురించి బోర్డు మీద బొమ్మ గీసి, గేరు లీవరు చివర ఉండే టో/హాల్ బటన్ (దిగుడులో గేరు తగ్గించి బండిని పట్టి ఉంచేది) ఎందుకో చెప్పి సరిపెట్టాడు. మా నాన్న ఆ బొమ్మ చూసి "ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగాలి, అంతే కదా" అన్నారు. అంతే. మారేడుమిల్లి ఘాట్‌లో ఆయన ఎన్ని వేలసార్లు దిగారో. కానీ నాకు ఘాట్ రోడ్డు అలవాటు లేదు, నాలాంటివాడికి బొమ్మ చాలదు. రెండు, రాత్రి డ్రైవింగ్ లేదు, వాన పడితే రద్దు చేస్తారట, డబ్బు వెనక్కి రాదు, వేరే తేదీ మాత్రం ఇస్తారు. మూడు, ఎయిర్ బ్రేకులు పదిహేను నిమిషాల్లో ముగించాడు. మాది పెట్రోలు బండి, ఎయిర్ బ్రేకులు ఉండవు కాబట్టి మాకు నష్టం లేదు, డీజిల్ బండి ఉన్నవాళ్లు మాత్రం ముందే అడిగి తేల్చుకోండి. నాలుగు, వెనక కారు కట్టుకుని లాగడం గురించి ఒక్క మాటే చెప్పాడు, నాలుగు చక్రాలూ నేల మీద ఉండేలా కట్టిన కారుతో రివర్స్ తీయొద్దు, విప్పి తీయాలి అని. ఐదు, ఇదే నాకు అన్నిటికంటే పెద్దది, ఇద్దరికీ అని డబ్బు తీసుకుని స్టీరింగ్ దగ్గర నన్ను తొమ్మిది గంటలు కూర్చోబెడితే మా ఆవిణ్ణి రెండు గంటలే కూర్చోబెట్టాడు. కావాలని చేసింది కాదు, "ఇక మీ భర్త" అని అలవాటుగా అనేస్తాడు. ఆవిడ నాకంటే బాగా నడుపుతోందని గీతలు చెబుతూనే ఉన్నాయి.

జూన్‌లో కొలరాడో వెళ్లాం, కొత్త టైర్లతో. అమరిల్లో దాటాక డ్యూమస్, డాల్‌హార్ట్ వైపు గాలి మామూలుగా ఉండదు, ఎదురు లారీ వచ్చినప్పుడల్లా ముందు తోసేస్తుంది, దాటగానే లాక్కుంటుంది. తోసినప్పుడు స్టీరింగ్‌తో కొట్లాడకుండా ఊరికే పట్టుకోమన్నాడు కదా పెద్దాయన అని గుర్తొచ్చింది, పని చేసింది. కొలరాడోలోకి దిగే కొండదారి రేటన్ పాస్ ఎత్తు 7,834 అడుగులు. ఎక్కుతుంటే వి10 ఇంజను మిక్సీలా అరిచింది. పైకెక్కాక టో/హాల్ నొక్కాను, దిగుడులో బండి తనే గేరు తగ్గించుకుని పట్టుకుంది, అవతలి ఊరు ట్రినిడాడ్ చేరేదాకా బ్రేకు మీద కాలు నాలుగైదుసార్లకి మించి వేయలేదు. నాన్న వెనక నుంచి "కాలు తీసెయ్, కాలు తీసెయ్" అంటూనే ఉన్నారు, తీసే ఉంది నాన్నా అన్నా వినలేదు.

ట్రినిడాడ్ దగ్గర క్యాంప్‌గ్రౌండ్‌లో మాకిచ్చిన చోటు రెండు చెట్ల మధ్య. మా ఆవిడ ఈల నోట్లో పెట్టుకుని వెనక నిలబడింది. రెండుసార్లు ఆపింది, ఒకసారి నేను దిగి చూశాను, మూడోసారికి లోపల ఉన్నాం. పక్క బండిలో ఆవిడ కుర్చీలోంచి లేచి వచ్చి ఆ ఈల ఎక్కడ కొన్నారని అడిగింది.

ఐదుకి నాలుగు ఇస్తాను. మీ ఇంట్లో ఆర్టీసీ డ్రైవరు లేకపోతే నాలుగున్నర అనుకోండి. బుక్ చేసేటప్పుడు అడగాల్సినవి: మన బండి మీదే నేర్పుతారా, ఇద్దరికీ స్టీరింగ్ గంటలు విడివిడిగా రాసిస్తారా, కొండ ఉందా. అద్దెకు తీసుకునేవాళ్లకి రెండు రోజులు ఎక్కువ, సగం రోజు చాలు, కానీ ఆ సుద్దగీత పాఠం మాత్రం వదలొద్దు.

వచ్చే నెల మా ఆవిడకి మళ్లీ ఒక రోజు బుక్ చేశాం, తనొక్కదానికే. నాన్నని తీసుకెళ్తుందట, నన్ను మాత్రం ఇంట్లోనే ఉండమంది.